నా గ్లాసు, ఆయన పెట్టె

సామి పోయాడన్న కబురు నా రూమ్మేటు ఓబులేసు ఫోన్లో చూసి చెప్పేసరికి నేను కువైట్ షర్క్‌లోని ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటున్నాను.

"నిద్రలోనే పోయినాడంటన్నా," అన్నాడు ఓబులేసు. "ఏమీ కష్టపడలేదంట."

"నా గ్లాసు?" అన్నాను.

"ఏందన్నా?"

"నా గ్లాసు సంగతి ఏమన్నా చెప్పినారా అంటాండా."

ఓబులేసు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. నీళ్ల కంపెనీ వ్యాను తోలుకునే మనిషి, నా కంటే పదిహేనేళ్లు చిన్న, నా రూములో నన్ను అలా చూశాడు.

ఇది చదివేవాళ్లు కూడా నన్ను రాతిగుండెవాడనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి. మనిషి పోతే నాకూ బాధే. కానీ ఆయన పట్టుకుపోయిన స్టీలు గ్లాసు నాది. నా పెళ్లికి మా మేనమామ ఇచ్చింది. అడుగున నా పేరు కొట్టించింది. ఆరు గ్లాసుల సెట్టు కొని నాకు ఒక్కటిచ్చి, తక్కిన ఐదూ ఎవరికి పంచాడో మా మేనమామ ఈనాటికీ చెప్పడు. ఆ సంగతి ఆయనతో విడిగా తేల్చుకుంటాను. రాయచోటి నుంచి నాతోపాటు విమానమెక్కి వచ్చి, అన్నేళ్లు నాతో ఉన్న ఒకే ఒక్క వస్తువు ఆ గ్లాసు. అది తిరిగి వస్తుందా రాదా అని చూస్తూ ఉండగా, ఇవ్వాల్సినవాడే వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను ఎవరిని అడగాలి?

మేం ఆయన్ని సామీ అనేవాళ్లం. మా వైపు ఎవరినైనా అలాగే అంటాం. అసలు పేరు ఇక్కడ రాయను. ఆయన నా పరువు ఎన్నిసార్లు తీసినా నేను ఆయన పేరు బయటపెట్టను. ఎవరి సంస్కారం వారిది.

ఆయనది కోనసీమ. ఇక్కడ రిఫైనరీ పనులు చేసే ఒక జపాన్ కంపెనీలో స్టోర్‌కీపరు. నేను టైపింగ్ ఆఫీసులో అరబీ కాగితాలు కొట్టేవాడిని. ఇఖామా అనే నివాస పర్మిట్ల దరఖాస్తులు, కఫీల్ అనే పూచీ యజమాని మార్పులు, ఎక్కువగా ఫిర్యాదులు. ఫర్వానియాలో ఫ్లాటు ఇద్దరం కలిసి అద్దెకు తీసుకున్నాం. కలిసి తీసుకున్నాం అన్నది గుర్తుంచుకోవాలి. తరువాత అదే నా మెడకు చుట్టుకుంది.

మొదటిరోజు నుంచీ నన్ను "మాస్టారండీ" అని పిలిచాడు. నేను ఎవరికీ ఏ పాఠమూ చెప్పినవాడిని కాను. ఆ మాటే అంటే, "కాగితాలు రాత్తారు కదండీ" అన్నాడు. టైపు కొట్టడం వేరు, రాయడం వేరు అని విడమరచి చెప్పాను. "ఆయ్" అన్నాడు. ఆ ఆయ్ విని ఒప్పుకున్నాడనుకున్నాను. 'తమరు మాట్లాడుతూ ఉండండి, నా పని నేను చేసుకుంటాను' అని దాని భావమని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఆయన పిచ్చి జపాన్ గిన్నెలు. సాకే అని వాళ్లకు బియ్యంతో చేసే మందు ఉంది. అది పోసి ఉంచే మట్టి బుడ్లు, పోసుకుని తాగే చిన్న చిన్న పిడతలు. కొండల్లో ఉండే ముసలి కుమ్మరులు చేత్తో చేసి, రోజుల తరబడి కట్టెలు ఎగదోసి కాల్చినవి. మందు చుక్క దొరకని దేశంలో, పుట్టి మందు ముట్టని మనిషి, మందు గిన్నెలు పోగేశాడు. ఇదేం పని అని అడిగినందుకు నేనే రసం తెలియనివాడినయ్యాను.

"మందు తాగేవోడికి గిన్నె కనపడదండి," అనేవాడు. "మజ్జిగనుకోండి, సుబ్బరంగా కనపడుద్ది."

మొదటి పిడత ఆయనకు కంపెనీలో ఒక జపాన్ ఇంజనీరు ఇచ్చాడట. దేశం వెళ్లిపోతూ తన పిడత ఈయన చేతుల్లో పెట్టి నడుం వంచి దండం పెట్టాడట. ఈయనా వంగాడట. ఆయన మళ్లీ వంగాడట. "ఎవరు ముందు ఆపాలో తెలీలేదండి. నాకు నడుం పట్టేసిందండి," అని చెప్పి, ఆ వంగడం మాకు చేసి చూపించేవాడు. అతిథి వచ్చిన ప్రతిసారీ చూపించేవాడు. నేను ప్రతిసారీ చూడాల్సి వచ్చేది.

ఇక అప్పటి నుంచి ఆన్‌లైన్ వేలంపాటలు మొదలుపెట్టాడు. జపాన్‌లో రాత్రి అయ్యేసరికి మనకు మధ్యాహ్నం. శుక్రవారం భోజనాలయ్యాక, పరాయి దేశంలో ఉన్న మొగుడు ఇంటికి వీడియో కాల్ చేసుకునే సరైన సమయంలో, సామి మంచం మీద పద్మాసనం వేసుకుని ఫోను ముందు కూర్చునేవాడు.

"నెట్టు కట్టెయ్యండి మాస్టారండీ. పాట అయిపోవత్తంది."

"నా పెండ్లాంతో మాట్లాడతాండా సామీ!"

"అమ్మగారు ఎక్కడికీ పోరండి. ఈ గిన్నె పోద్దండి."

మా ఆవిడ ముఖం తెర మీద సగం నోరు తెరిచి అలాగే ఆగిపోయేది. తరువాత ఆమె అడిగే ప్రశ్నలకు నేను జవాబు చెప్పుకోవాలి. గిన్నె కోసం కట్ చేశానంటే ఏ ఆడమనిషి నమ్ముతుంది?

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఏ గిన్నె చేతికొచ్చినా ముందు బోర్లించి అడుగు చూస్తాడు. కుమ్మరి పనితనమంతా అడుగున తెలుస్తుందట, సంతకమూ అక్కడే గీస్తారట. మంచిదే. జపాన్ పిడతను చూడు, ఎవరు వద్దన్నారు? తెలుగువాళ్లు ఎక్కువుండే అబ్బాసియాలో హోటలుకు వెళితే సాంబారు గిన్నెను ఎందుకు బోర్లించాలి? అందులో సాంబారు ఉంది. ఎదురుగా నేను ఉన్నాను. లేత నీలం చొక్కా, పండగకు కొన్నది. ఆ మరక పసుపు నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి బూడిదరంగుకు తిరిగింది తప్ప పోలేదు. ఆయన మరకను పరీక్షగా చూసి, "బూడిద పడ్డ రంగులా వచ్చిందండీ, కాల్చినా రాదు ఇది," అని మెచ్చుకున్నాడు.

కొత్త గిన్నె వచ్చిందంటే మాకు ఆ వారం అన్నం సరిగ్గా ఉండేది కాదు. కాల్చిన మట్టికి కంటికి కనిపించని కంతలుంటాయి, నీళ్లు కారతాయి. అందుకని గంజిలో ఉడికిస్తే ఆ కంతలు పూడుకుంటాయి. ఇది జపాన్ వాళ్లే చెప్పిన పద్ధతట. అప్పటికి రైస్ కుక్కరుండగానే సామి అన్నం గిన్నెలో వండటం మొదలుపెట్టాడు, గంజి వార్చడానికి. వంటింట్లో ఒక పొయ్యి మీద పిడతలు గంజిలో మెల్లగా కుతకుతమంటుంటే, ఇంకో పొయ్యి మీద చారు పెట్టుకోవడానికి నేను వంతు కోసం నిలబడేవాడిని.

"మనుషులకు లేని గంజి మట్టికి పోస్తాండావే సామీ," అన్నాను.

"తవరికి పళ్లున్నాయి కదండీ," అన్నాడు. "అన్నం తినండి."

పెట్టెల సంగతి చెప్పాలి. ఇది చివరికి పనికొస్తుంది. ఆ పిడతలు ఊరికే రావు. ఒక్కొక్కటీ ఒక చెక్కపెట్టెలో, పసుపులో ముంచిన గుడ్డ చుట్టి, నాడాతో కట్టి వస్తాయి. పసుపు గుడ్డ పురుగు పట్టకుండానట. ఆ గుడ్డను మొదటిసారి చూసి మా అమ్మ పెట్టెలో పట్టుచీర గుర్తొచ్చి నాకు కాస్త మెత్తబడిన మాట నిజమే. కానీ పెట్టెలన్నీ పెట్టడానికి చోటు కావాలని నా సూట్‌కేసును బాల్కనీలోకి తోశాడు. ఆ ఏడాది వచ్చిన దుమ్ముగాలికి నా సర్టిఫికెట్ల మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అప్పటి నుంచి నా ఆస్తి నా గదిలో కాక ఎడారిలో ఉన్నట్టే.

పెట్టె మూత మీద కుమ్మరి కుంచెతో గిన్నె వివరం రాసి సంతకం పెడతాడు. కొన్నవాడికి ఇష్టమైతే గిన్నెకు ఒక పేరు పెట్టుకుని ఆ మూత మీదే రాయించుకోవచ్చు. సామి తన వాటికి తానే పేర్లు పెట్టాడు. ఒకటి ముసలి కప్ప. ఒకటి నానిన అరిసె. ఒకటి అత్తగారి మౌనం. పెట్టె పోయిన గిన్నెకు కొత్త పెట్టె చేయించి, ఆ చేసిన కుమ్మరి దగ్గరకే పట్టుకెళ్లి సంతకం పెట్టించుకోవాలట.

"పేరు కొన్నవోడు పెట్టొచ్చండి. సంతకం మాత్రం చేసినోడిదేనండి. అది పడేదాకా పెట్టె అయినట్టు కాదండి," అనేవాడు.

ఇప్పుడు పళ్లెం విషయానికి వస్తాను. నా అసలు ఫిర్యాదు ఇదే.

ప్రతి శుక్రవారం వేలంపాట అయ్యాక అబ్బాసియా నుంచి గోదావరి మనుషులు వచ్చేవాళ్లు. సామి వెదురు పళ్లెంలో పిడతలన్నీ పేర్చి ఒక్కొక్కరి ముందుకూ తీసుకెళ్లేవాడు. జపాన్‌లో అంతేనట, వచ్చినవాడు తన గిన్నె తాను ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నాడో చూసి సామి "ఆయ్" అని తల ఊపేవాడు. తరువాత బుడ్డిలోంచి మజ్జిగ పోసేవాడు. అల్లం, కరివేపాకు, ఇంగువ. మజ్జిగ బాగుంటుందని నేను ఎప్పుడూ కాదనలేదు.

మొదటి శుక్రవారం పళ్లెం చుట్టూ తిరుగుతూ నా దగ్గరకు వచ్చింది. నేను అప్పటికే ఒకటి చూసి పెట్టుకున్నాను, ముసలి కప్ప. చెయ్యి చాచాను. పళ్లెం నా చెయ్యి మీదుగా పక్కవాడికి వెళ్లింది.

"సామీ," అన్నాను. "నాకు?"

"తవరు అతిథి కాదు కదండీ. ఫ్లాటు మనిద్దరిదీనండీ."

"అయితే?"

"తవరికి సొంత గిన్నె ఉంది కదండీ," అని వంటింట్లోకి వెళ్లి నా స్టీలు గ్లాసు తెచ్చి అందులో మజ్జిగ పోశాడు.

పదిమంది ముందు. అందరి చేతుల్లో జపాన్ పిడత, నా చేతిలో మేనమామ గ్లాసు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను. కొంచెం గట్టిగా పెట్టి ఉండొచ్చు. మంచం ఇనుప కాలికి తగిలింది. గ్లాసు నడుముకు సొట్ట పడింది.

సామి లేచి వచ్చాడు. గ్లాసు తీసుకుని, ముందు బోర్లించి అడుగున నా పేరు చూసి, తరువాత సొట్టలో బొటనవేలు పెట్టాడు.

"అబ్బబ్బా," అన్నాడు. "చూడండి, వేలెంత బాగా కూకుందో. దీనికోసం కుమ్మరులు కావాలని పచ్చి మట్టిని నొక్కుతారండి. మాస్టారు ఒక్క దెబ్బకి తెచ్చేశారు!"

ఆ గ్లాసును అందరికీ అందించాడు. పదిమందీ వరసగా నా సొట్టలో వేలు పెట్టారు. ఒకాయన, "బాగుందండోయ్" అన్నాడు. ఇంతకంటే మనిషిని ఎలా అవమానిస్తారో నాకు తెలియదు.

ఓబులేసు తరువాత వచ్చాడు. మొదట అతిథిగా వచ్చి, మూడో మనిషిగా అద్దె పంచుకుంటానని రూములోనే ఉండిపోయాడు. వాడికి మాత్రం పళ్లెం ఆగలేదు. వాడు ముసలి కప్పను ఎంచుకున్నాడు.

"వాడు కూడా అద్దె కడతాండాడు కదా సామీ! వాడికెట్ల ఇస్తావు?"

"మొదట అతిథిగా వచ్చాడండీ. ఓసారి ఎంచుకున్నాక గిన్నె మనిషిని వదలదండి."

"నేనూ బయటికి పోయి తలుపు కొట్టి వస్తా, అప్పుడు ఇస్తావా?"

"తాళం తవరి దగ్గరుంది కదండీ," అన్నాడు.

నేను తాళం గుమ్మం దగ్గర పెట్టి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి తలుపు కొట్టిన మాట కూడా నిజమే. ఓబులేసు తలుపు తీసి నవ్వుతూ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. సామి మాత్రం ఎంతో మర్యాదగా లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, నా స్టీలు గ్లాసులో మజ్జిగ పోశాడు.

పార్శిల్ ఆఫీసు సంగతి కూడా ఈ లెక్కలో ఎక్కించాలి. ఒకసారి జపాన్ నుంచి బుడ్డి, రెండు పిడతలు వస్తే, పెట్టె తెరిచి చూడాలని కబురొచ్చింది. నాకు అరబీ వచ్చు కాబట్టి నన్ను లాక్కెళ్లాడు. దారంతా చెప్పాను, "నూనె బుడ్డి అని చెప్తా. నువ్వు నోరు తెరవాకు" అని. బల్ల వెనక కువైటీ కుర్రాడు, మర్యాదస్థుడు, బుడ్డి చేతిలోకి తీసుకుని "ఇదేంటి?" అన్నాడు. నేను "నూనె..." అనేలోగా సామి ముందుకు వంగి ఇంగ్లీషులో, "సార్, జపాన్ మందు బుడ్డి సార్" అన్నాడు.

నా ఇఖామా, నా ఉద్యోగం, నా పిల్లల ఫీజులు అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"యా సామీ!" అన్నాను. నోట్లోంచి సగం అరబీ, సగం రాయచోటి వచ్చింది.

"అబద్ధం చెప్పకండి మాస్టారండీ. గిన్నె వింటుంది."

కుర్రాడు బుడ్డిని వాసన చూశాడు. మట్టి వాసన. "మీరు తాగుతారా?" అన్నాడు. "లేదు సార్. లబన్ సార్, లబన్," అని సామి సంచిలోంచి మజ్జిగ ఫ్లాస్కు తీశాడు. ఈయన ఎక్కడికి వెళ్లినా ఫ్లాస్కు ఉంటుంది. పిడతలు రెండూ బల్ల మీద పెట్టి, అర్ధచంద్రాకారంగా చెయ్యి తిప్పి, ఎంచుకోమన్నాడు. ఆ కుర్రాడు ఒకటి తీసుకుని ముందు ఏం చేశాడో తెలుసా? బోర్లించి అడుగు చూశాడు.

"చూశారా మాస్టారండీ!" సామి కళ్లు చెమర్చాయి. "ఎవరూ చెప్పకుండానే!"

ఆ కుర్రాడు ఒక పిడతలో, సామి ఒక పిడతలో మజ్జిగ తాగారు. ఇంగువ ఘాటుకు కుర్రాడు తుమ్మి, నవ్వి, "యల్లా, ఖలాస్, తీసుకెళ్లండి" అన్నాడు. నాకు ఫ్లాస్కు మూతలో పోశారు. కస్టమ్స్‌వాడికి జపాన్ పిడత, అనువాదకుడికి ప్లాస్టిక్ మూత.

ఇక కడగడం గురించి. ఈ విషయంలో తప్పు నాదని అబ్బాసియా అంతా అంటుంది. నేను ఒప్పుకోను. హాగి అని ఒక ఊరి పిడత ఉండేది, తెల్లటిది, చర్మం మీద సన్నటి పగుళ్లతో. అందులో రోజూ అల్లం టీ పోసుకుని తాగితే పగుళ్లలోకి టీ ఇంకి ఏళ్ల మీద రంగు తిరుగుతుందట. సామి దాన్ని బిడ్డలా పెంచుతున్నాడు. నాకది తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు గిన్నెలు తోమే వంతు నాది, ఒక గిన్నెకు టీ మరక పట్టింది. నేను మంచి ఇంట్లో పెరిగాను. సోడా వేసి, చింతపండు వేసి, స్టీలు పీచుతో తోమి, ఇంకా పోకపోతే బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాను. పాలలా తెల్లగా వచ్చింది. చేతులు తుడుచుకుని, మెచ్చుకుంటాడని తీసుకెళ్లి చూపించాను.

సామి పిడతను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాడిని, ఇద్దరికీ సరిపోయేది. "పోన్లెండి. మళ్లీ మొదలెడదాం," అన్నాడు. వెళ్లి టీ పెట్టుకున్నాడు. ఆ 'పోన్లెండి' నా గుండెలో ఇంకా గుచ్చుకుని ఉంది. శుభ్రం చేసినవాడిని క్షమించడమా?

కంపెనీ పని పూర్తయి సామి శాశ్వతంగా ఊరికి వెళ్లిపోయే రోజు వచ్చింది. ఆఖరి వారం అబ్బాసియాలో తన ఊరివాళ్ల దగ్గర ఉన్నాడు. పిడతలన్నీ పంచేశాడని అక్కడి నుంచి కబురు. పద్ధతి ఏమిటంటే, ఎవరు ఏ గిన్నె ఎంచుకునేవారో వారికి ఆ గిన్నె. ముసలి కప్ప ఓబులేసుకు. అత్తగారి మౌనం ఒక ఎలక్ట్రీషియనుకు. నన్ను ఎంచుకోనిచ్చిందెప్పుడు? కాబట్టి నాకు ఏదీ లేదు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

విమానం ఎక్కే ముందు చివరిసారి మా ఫ్లాటుకు వచ్చాడు. తలుపు కొట్టాడు. నేను తీశాను. అప్పుడు తట్టింది నాకు. ఇప్పుడు ఫ్లాటు నాది. ఆయన అతిథి. ఇన్నేళ్లకు నా చేతికి చిక్కాడు. పేపరు కప్పులో ఇవ్వాలనుకున్నాను. వంటింట్లోకి వెళితే పేపరు కప్పులు లేవు.

"ఓబులేసూ, కప్పులేమైనాయి?"

"అయిపోయినాయన్నా. చెప్దామనే అనుకుంటాండా."

ముసలి కప్పలో ఇవ్వనిస్తానా? మిగిలింది నా గ్లాసు. దాంట్లోనే మజ్జిగ పోసి తీసుకెళ్లాను. సామి రెండు చేతులతో అందుకున్నాడు. సొట్టలో బొటనవేలు పెట్టాడు. కళ్లు మూసుకుని తాగాడు. మజ్జిగ నేను చేసింది, ఇంగువ ఎక్కువైంది, ఆ మాట కూడా అనలేదు. తాగడం అయ్యాక లేచి గ్లాసు కడిగి, తుడిచి, సంచిలోంచి పసుపు గుడ్డ తీసి, చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

"ఏంది సామీ అది?"

"ఎంచుకున్నానండీ."

"ఎంచుకునేదానికి ఏముండాది? నేను పళ్లెం తెచ్చినానా? ఒగటే కదా ఇచ్చింది!"

"అదేనండీ, ఇంక వెతుక్కునే పని లేకపోయింది," అని, గుడ్డలో చుట్టిన ఇంకో వస్తువు నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే హాగి పిడత. నేను తోమినది. ఆయన మళ్లీ ఎంత టీ పోసినా రంగు ఇంకా సరిగ్గా పట్టనిది. "తవరు మొదలెట్టారు కదండీ, తవరే పూర్తి చేయండి."

అది కానుకో, ఎత్తిపొడుపో నేను తేల్చుకునేలోగా ఆయన నడుం వంచి దండం పెట్టాడు. నేనూ వంగాను, ఏం చేస్తాను? ఆయన మళ్లీ వంగాడు. కింద ట్యాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. చివరికి ఓబులేసు ఇద్దరినీ విడదీశాడు.

గ్లాసు లేక నేను ఆ పిడతలోనే టీ తాగాల్సి వచ్చింది. వేరే గ్లాసు కొనొచ్చు కదా అంటారు. ఎందుకు కొనాలి? నాకు గ్లాసు ఉంది. అది కోనసీమలో ఉంది. పండగలకూ పబ్బాలకూ ఫోన్ చేసి అడిగాను.

"సామీ, నా గ్లాసు పంపు."

"పంపుతానండి. పెట్టె కాలేదండి."

"దానికి పెట్టెందుకు? పేపర్లో చుట్టి ఇయ్యి."

"అమ్మమ్మ, అలాగంటే ఎలాగండీ? వడ్రంగి పనస చెక్క ఆరబెట్టాడండి."

మరోసారి అడిగితే చెక్క ఆరింది, నాడా దొరకలేదన్నాడు. ఇంకోసారి మూత మీద ఏం రాయాలో తేలలేదన్నాడు. టీ రంగు తిరిగిందా అని ఆయన అడిగేవాడు. లేదని చెప్పేవాడిని. నిజానికి అంచు దగ్గర లేత గోధుమరంగు పట్టింది. ఆ సంగతి నా గ్లాసు వచ్చాక చెబుదామని ఆపి ఉంచాను. ఆపి ఉంచడం నా హక్కు. అంతలో ఓబులేసు ఆ కబురు చెప్పాడు.

మొన్న శుక్రవారం అమలాపురం నుంచి సెలవు ముగించుకుని వచ్చిన మనిషి ఒకడు మా తలుపు కొట్టాడు. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో పూతరేకులు, అవి నాకు కాదట. రెండోది సామి భార్య పంపిందట.

"ఆయన పోయే ముందు వారమే పూర్తయిందంటండి," అన్నాడు. "మాస్టారికే ఇమ్మన్నారండి."

పనస చెక్క పెట్టె. పసుపుపచ్చగా, ఇంకా వాసన వస్తూ. నాడా కట్టి ఉంది. లోపల పసుపు గుడ్డ. గుడ్డలో నా గ్లాసు, సొట్టతో సహా. ముందు బోర్లించి చూశాను. ఇది నా పేరు ఉందో లేదో సరిచూసుకోవడానికే, వేరే ఉద్దేశంతో కాదు. ఉంది.

"మూత చూడన్నా," అన్నాడు ఓబులేసు.

మూత మీద నల్ల సిరాతో, కుంచెతో, పెద్ద అక్షరాలలో రాశాడు: అలక.

దాని కింద చిన్నగా: స్టీలు గ్లాసు. ఫర్వానియా పని. సొట్ట: మాస్టారు.

దాని పక్కన పెన్సిలుతో సన్నగా గీసిన ఒక చదరం. ఖాళీగా ఉంది.

"ఇదేందన్నా, ఈడ ఏమీ రాయలేదే?" అన్నాడు ఓబులేసు. తరువాత వాడికే తెలిసింది. "ఓహో! చేసినోడి సంతకం కదా! నువ్వే పెట్టాల."

అమలాపురం మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు, మజ్జిగ ఇస్తారేమోనని. నేను మూత పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అలకా? నేను ఎప్పుడు అలిగాను? ఉన్న మాట చెప్పాను, అంతే. పళ్లెం నా ముందు నుంచి పోయింది నిజం కాదా? ఫ్లాస్కు మూత నిజం కాదా? ఇవన్నీ లెక్కగా చెబితే దాన్ని అలక అంటారా? అని అడుగుదామని ఫోను తీశాను. తీశాక, ఎవరికి చేయాలో తోచక పక్కన పెట్టాను.

వచ్చినవాడికి మజ్జిగ చేసి, హాగి పిడతలో ఇచ్చాను. వాడు బోర్లించబోయాడు. "నిండుగా ఉంది, తాగినాక చూడు," అని కసిరాను.

ఓబులేసు రోజూ సతాయిస్తున్నాడు, సంతకం పెట్టన్నా, పెడితేగాని పెట్టె అయినట్టు కాదని. నేను పెట్టలేదు. పెడితే అలిగానని ఒప్పుకున్నట్టే. పెట్టె నా తలగడ పక్కన, సూట్‌కేసు ఉండాల్సిన చోట ఉంది. సిరా, సన్న కుంచె మాత్రం అబ్బాసియాలో కొని తెచ్చాను. కుంచె పెట్టె మీద దుమ్ము దులపడానికి. సిరా ఎందుకో ఇంకా ఆలోచించలేదు.